మల్కాపురం ముక్కుతో కొన్న బండి

మల్కాపురంలో పుట్టినవాళ్ళు సెకండ్‌హ్యాండ్ బండి కొనడానికి తమంతట తాము వెళ్ళకూడదు. వేరే ఊరి ముక్కు ఒకటి వెంట ఉండాలి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు.

పోర్టులో కాంట్రాక్టు డ్రైవరుగా పరాయి బండ్లు తోలి తోలి విసుగెత్తి, ఉద్యోగం మానేసి సొంతంగా పికప్ కొందామనుకున్నాను. వన్‌టౌన్‌లో పరుపుల షాపు సాయిబుగారు మాటిచ్చాడు, బండి తెచ్చి చూపిస్తే డెలివరీలన్నీ నీకే అని. ఆ మాట మీదే నా ధైర్యమంతా.

"నేనూ వస్తానండీ" అంది మా ఆవిడ. ఆవిడది గోదావరి జిల్లా, మాకు పెళ్ళయి ఆర్నెల్లు. "బండి సంగతి నీకేటి తెల్సు?" అని నవ్వేసి, మా మేనత్త కొడుకుని వెంటేసుకుని, కంచరపాలెంలో అమ్మకానికున్న పికప్ చూడ్డానికి వెళ్ళాను. ఆ బావదీ మల్కాపురమే.

మా తనిఖీ చూసి తీరాలి! టైర్లు తన్నాం. బోనెట్ ఎత్తి చెవి పెట్టాం. కింద పడుకుని తుప్పు గోకాం. "ఇంజను సూడు బావా, ఎలగ పాడతందో! ఇంకేటి ఆలోసిత్తన్నావ్?" అన్నాడు బావ. అమ్మేవాడు మాత్రం రోడ్డుకి అవతలే నిలబడి మాట్లాడాడు. మర్యాదస్తుడనుకుని, డబ్బు చేతిలో పెట్టి బండి ఇంటికి తోలుకొచ్చాను.

హారతి పళ్ళెంతో ఎదురొచ్చిన మా ఆవిడ నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏవండీ, ఇందులో ఎండుచేపలు మోశారండీ! నెత్తళ్ళండీ బాబూ!"

పుట్టినప్పటి నుంచి మల్కాపురం రిఫైనరీ గాలి పీల్చిన ముక్కులు మావి. నేనూ బావా వెనక తొట్టిలో తలలు పెట్టి పీల్చాం. "నాకేటీ రాట్లేదే" అన్నాడు బావ. అప్పటికే వీధిలోని మూడు పిల్లులు టైర్ల చుట్టూ తిరుగుతున్నాయి.

సాయంత్రమంతా కడిగాం. సబ్బు, ఫినాయిలు, నిమ్మకాయలు, చింతపండు, ఆఖరికి ఒక కట్ట అగరుబత్తీలు. "తగ్గిందా?" అంటే, "ఇప్పుడు పూజగదిలో నెత్తళ్ళు వేయించినట్టుందండీ" అంది.

మర్నాడు సాయిబుగారు తొట్టి తలుపు దించాడు, మళ్ళీ ఎత్తేశాడు. "బండి బాగుంది భాయ్. కానీ నా పరుపుల మీద పడుకునేది మనుషులు, పిల్లులు కాదు." కోప్పడినా బాగుండేది. ఉన్న ఉద్యోగమూ పోయె, వస్తుందన్నదీ పోయె. నాకు ఏడుపొక్కటే తక్కువ.

ఇంటికొచ్చి మంచం మీద వాలిపోయాను. దెప్పుతుందనుకున్న మా ఆవిడ తాళాలు తెచ్చి చేతిలో పెట్టింది. "మూతి ముడుచుకుని పడుకుంటే వాసన పోద్దాండీ? ఈ వాసనకి మొహం తిప్పుకోని వాళ్ళ దగ్గరికి తోలండి. నేనూ వస్తాను." ఈసారి నోరెత్తకుండా ఎక్కించుకున్నాను.

ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర ఐదారుగురు ఆడవాళ్ళు ఎండుచేపల గంపలతో నిలబడి ఉన్నారు. ఆటోలు వాళ్ళని చూసి ఆగకుండా పోతున్నాయి. మా ఆవిడ దిగి, కొంగు ముక్కు దాకా తీసుకెళ్ళి, మళ్ళీ దించేసి, ఒక గంపకి చెయ్యేసింది. వాళ్ళలో పెద్దావిడ తొట్టిలోకి తల పెట్టి గట్టిగా పీల్చింది. ఇక్కడ కూడా కాదంటే నాకింకో దారి లేదు.

"గంపలెక్కించండే, ఏటి సూత్తన్నారు?" అని మిగతావాళ్ళని కేకేసింది పెద్దావిడ. "ఇది మన బండేనే!"

ఆ మాటకి నాకంటే ముందు మా ఆవిడే కళ్ళు తుడుచుకుంది. నెత్తళ్ళ ఘాటుకేనని ఇప్పటికీ దబాయిస్తుంది.