స్టేషన్ నుంచి మేం తెచ్చిన జవాను

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడూ నమ్మను. కాకపోతే ఇదివరకటిలా గొంతు పెంచి వాదించడం మానేశాను. ఉద్యోగమంతా ఏ.ఎస్. రావు నగర్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో టెస్టింగ్ సెక్షన్‌లో గడిచింది. మీటరు ముల్లు కదిలితే కరెంటున్నట్టు, కదలకపోతే లేనట్టు. నా వేదాంతం అంతే.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక సైనిక్‌పురిలో మా గల్లీ సంఘానికి సెక్రటరీనయ్యాను. ఆ గల్లీలోనే నవీన్ వాళ్లుంటారు. మొన్న సరిహద్దులో యుద్ధం నడిచినన్నాళ్లూ నవీన్ అక్కడే ఉన్నాడు. వాళ్లమ్మ యాదమ్మకు తిండి సహించలేదు. అన్నీ సద్దుమణిగి కొడుకు సెలవు మీద వస్తున్నాడని తెలియగానే, ఘనంగా స్వాగతం చెప్పాలని సంఘం తీర్మానించింది. తీర్మానించింది నేను, మిగతావాళ్లు టీ తాగారు.

బ్యాండు మాట్లాడాం. జీపు మాట్లాడాం. ఫ్లెక్సీ వేయించాం. ఫ్లెక్సీ షాపువాడు భక్తి ఎక్కువై నవీన్ ముఖాన్ని ఎంత తెల్లగా చేశాడంటే, యాదమ్మ చూసి "ఎవరీ పిలగాడు?" అని అడిగింది.

అక్కడే నాకు బుద్ధి రావలసింది. వాళ్లు మా గల్లీకొచ్చి రెండేళ్లు. నవీన్ సెలవులకొస్తే ఇల్లు కదలకుండా నిద్రపోయేవాడు, అందుకని మాలో ఎవరికీ అతని ముఖం సరిగ్గా తెలియదు. కన్నవాళ్లేమో గడప దగ్గర హారతి పళ్లెంతో ఎదురు రావాలి కాబట్టి స్టేషన్‌కు రారు. "యూనిఫాంలో ఉంటాడు, గుర్తుపట్టలేమా?" అన్నాను నేను. సికింద్రాబాద్ స్టేషన్‌లో యూనిఫాం చూసి మనిషిని గుర్తుపడతానన్న మేధావిని నేనే. కంటోన్మెంటు ఊరు. ఆ ప్లాట్‌ఫాం మీద పోర్టర్ల కంటే జవాన్లే ఎక్కువ.

నవీన్ వాళ్ల పక్కిల్లు సత్తెమ్మది. ఆమె సంగతి చెప్పకపోతే మిగతాదంతా అర్థం కాదు. పెళ్లయిన కొత్తలోనే భర్త 1971 యుద్ధానికి వెళ్లాడు. ఆచూకీ లేదన్నారు తప్ప చనిపోయాడని ఎవరూ చెప్పలేదు. ఆమె బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. డెబ్బై దాటినా ఒక్కతే ఉంటుంది. ఆయన వెళ్లే ముందు తన చేత్తో బిగించిన ఇనుప గేటును మార్చనివ్వలేదు. దాన్ని కాస్త పైకెత్తి ఎడమకు నెట్టాలి. తెలియక నెడితే వేళ్లు నలుగుతాయి. నావి రెండుసార్లు నలిగాయి.

మా గల్లీలో ఎవరు స్టేషన్‌కు బయల్దేరినా ఆమె ఆపి ఒకే మాట చెప్తుంది. ఆ రోజూ జీపు ఆపింది.

"బిడ్డా, టేషన్‌కా? మా ఆయన గిట్ల కనిపిస్తే జెర తోలుకరా."

"అట్లనే పెద్దమ్మా" అన్నాను. అందరం అట్లాగే అంటాం. పిల్లలకు చందమామను తెస్తామన్నట్టు.

రైలొచ్చింది. ఆకుపచ్చ యూనిఫాం కనబడగానే వాయించమని బ్యాండువాళ్లకు చెప్పి ఉంచాను. మొదటి పెట్టెలోంచి ఒక సన్నటి కుర్రవాడు దిగాడు. ఆకుపచ్చ బట్టలు, పైన మందపాటి ఉన్ని కోటు, భుజాన చుట్టిన పరుపు. బ్యాండు అందుకుంది. వాళ్లకొచ్చినవి పెళ్లి పాటలే. మేం మీద పడి దండలేశాం. బంతిపూలలో కళ్లు, ముక్కు తప్ప ఏమీ మిగల్లేదు. ఏదో చెప్పబోయాడు, బాజాల్లో వినబడలేదు. ఎత్తుకెళ్లి జీపులో కూర్చోబెట్టాం. పెళ్లికొడుకులా తలొంచుకుని కూర్చున్నాడు.

ఎండాకాలంలో ఉన్ని కోటేమిటని అనుమానం రాలేదా అంటే వచ్చింది. మంచుకొండల నుంచి వచ్చాడు కదా అని సరిపెట్టుకున్నాను. చెమట ఎందుకు పట్టలేదని మాత్రం అప్పుడు ఆలోచించలేదు.

గల్లీలో పటాకులు షురూ అయ్యాయి. జీపు నవీన్ ఇంటికి చేరకముందే అతను దిగిపోయాడు. సత్తెమ్మ గేటు దగ్గరికి నడిచి, దాన్ని కాస్త పైకెత్తి, ఎడమకు నెట్టి లోపలికి వెళ్లాడు. వేళ్లు నలగలేదు.

సత్తెమ్మ వాకిట్లో నీళ్ల చెంబుతో నిలబడి ఉంది. ఆశ్చర్యపోలేదు, ఏడవలేదు. కాస్త కోపంగానే ఉంది.

"కాళ్లు కడుక్కోండ్రి. అన్నం చల్లగైతున్నది."

ఆమె నన్నే నువ్వు అంటుంది. మనవడి వయసు కుర్రాడికి అంత మర్యాద ఏమిటా అనుకున్నాను.

ఇంతలో యాదమ్మ హారతి పళ్లెంతో పరుగెత్తుకొచ్చింది. "సెక్రటరీ సాబ్, ఎవర్ని తెచ్చిండ్రు? మా నవీన్ ఏడి?"

బ్యాండు ఆగింది. అప్పుడే వెనకాల ఒక ఆటో ఆగింది. టీషర్టు, జీన్స్ వేసుకున్న కుర్రవాడు దిగి, "అమ్మా, ఏందీ హంగామా?" అన్నాడు. అతనే నవీన్. స్టేషన్‌లో మా పక్కనే నిలబడి ఎవరొచ్చారని అడిగాడట. "మా జవాను వస్తుండు, జెర పక్కకు జరుగు" అని నేనే నెట్టానట. తన ఊరేగింపు వెనకాల తనే ఆటోలో వచ్చాడు.

యాదమ్మ పళ్లెం కింద పెట్టేసి కొడుకును వాటేసుకుని ఏడ్చింది. గల్లీ అంతా ఏడ్చింది, నేనూ ఏడ్చాను. కొంత సంతోషంతో, కొంత సిగ్గుతో. బ్యాండువాళ్లు పెళ్లి పాట మళ్లీ మొదటి నుంచీ అందుకున్నారు.

మొదటివాడు గుర్తొచ్చి, పాపం ఎవరి బిడ్డనో ఎత్తుకొచ్చామని సత్తెమ్మ ఇంట్లోకి వెళ్లాం. ఎవరూ లేరు. ఆమె ఎంగిలి కంచం కడుగుతోంది. దండలు కుర్చీ మీద ఉన్నాయి.

"ఆయన ఏడి పెద్దమ్మా?"

"వచ్చిండు, తిన్నడు, పోయిండు. ఇగ నాకు పరేషాన్ లేదు."

ముందు గేటు దగ్గర మేమందరం ఉన్నాం. వెనకవైపు గోడ పక్కనే షామియానాలో వంటవాళ్లు మిర్చి బజ్జీలు వేస్తున్నారు. వాళ్ల ముందు నుంచి ఎవరూ పోలేదు. గల్లీలో ప్రతివాడి ఫోనులోనూ వీడియో ఉంది. అందరూ బ్యాండునూ తమనూ తీసుకున్నారు. అతను ఉన్నచోటల్లా బంతిపూలే కనిపిస్తాయి.

మా గల్లీ రిటైర్డు కెప్టెన్ గారు మాత్రం ఇందులో వింతేమీ లేదంటారు. ఎవరో జవాను, ఆకలి మీదున్నాడు, తిన్నాడు, సిగ్గుపడి గోడ దూకాడు, మిలిటరీవాడికి గోడ ఒక లెక్కా అని. కావచ్చు. మరి ఆ గేటు సంగతి అతనికెవరు చెప్పారని అడిగితే, ఆయన పేపరు తెరుస్తారు.

నేనూ ఆయన్ని మళ్లీ అడగను. మీటరు పెట్టి చూసే విషయం కాదు.

ఆ తర్వాత ఒకరోజు మా మరదలిని తీసుకురావడానికి స్టేషన్‌కు బయల్దేరాను. సత్తెమ్మ గేటు దగ్గర కావాలనే స్కూటర్ ఆపాను. ఆమె అరుగు మీద గోంగూర తుంచుతోంది.

"టేషన్‌కు పోతున్న పెద్దమ్మా."

"ఎండ మస్తున్నది బిడ్డా. టోపీ పెట్టుకొని పో."

ఎప్పుడూ చెప్పే ఆ ఒక్క మాట అంటుందేమోనని చూశాను. ఆమె గోంగూర తుంచుకుంటూ కూర్చుంది.