ఎగువ బేరింగు, దిగువ బేరింగు

1890ల చివర్లో, కాలవలు కట్టే ఏప్రిల్ నెలలో, నన్ను నిడదవోలుకు దిగువన, పడవల్ని దాటించే ఒక కాలవ లాకు దగ్గరికి ఫిట్టరుగా వేశారు. కాలవలు కట్టడమంటే ఏటా వేసవిలో నీళ్లు ఆపి మరమ్మతులు చేసుకోవడం. అక్కడ ఉన్న ఆవిరి లాంచీ ఇంజను విప్పి, శుభ్రం చేసి, నీళ్లు వదిలే రోజుకి నడిచేలా బిగించడం నా పని. పై అధికారి ఓవర్సీరు గారు వారానికోసారి గుర్రమ్మీద వచ్చి చూసి వెళ్లేవారు. నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

నాది పిఠాపురం వైపు. మిషను బడిలో చదువుకుని క్రైస్తవులమైన కుటుంబం. లాకు పక్క ఊళ్లో నాకు మంచినీళ్లు దోసిట్లోకి పైనుంచి పోసేవారు. మర్యాదగానే పోసేవారు గాని, కూర్చోమని ఎవరూ అనలేదు. రోజంతా ఒక్క మాటా మాట్లాడకుండా గడిచిన రోజులు చాలా ఉన్నాయి. లాంచీ డ్రైవరు సూరయ్య గారొక్కరే వేరు. నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్దవారు. "ఒంటికాయ శొంఠికొమ్ములా ఎన్నాళ్లుంటారండీ ఫిట్టరు గారూ, రండి, ఓ ముద్ద తిందాం" అంటూ లాకు మెట్టు మీద తన అన్నం గిన్నె నా వైపు జరిపేవారు. ఆ పిలుపు కోసం పొద్దుటి నుంచీ చెవి పెట్టుకుని ఉండేవాణ్ణి.

ఇంజను షాఫ్టుకి, అంటే తిరిగే ఇరుసుకి, ముందొకటి, వెనకొకటి బేరింగులుంటాయి. లోపల ఇత్తడి ముక్కలు. అవి ఏళ్ల తరబడి ఏ చోట అరిగితే ఆ చోటికే సరిపోతాయి. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉంటాయి. మార్చి వేస్తే కొత్త చెప్పు కరిచినట్టు, నాలుగడుగులు నడిచాక గాని తెలియదు. అందుకే విప్పేటప్పుడే గుర్తు చెక్కాలి. కాలవ మీద మేం కుడి, ఎడమ, ముందు, వెనక అనం. ఎగువ, దిగువ అంటాం. నేనూ అలాగే, అప్పుడు ఎగువకి ఉన్న ముందు ఇత్తడి మీద 'ఎ' అని, దిగువకి ఉన్న వెనకదాని మీద 'ది' అని ఉలితో చెక్కి, వాటిని నునుపుగా గీకించడానికి రాజమండ్రి తీసుకెళ్లాను.

నేను తిరిగొచ్చేసరికి, లాకు పైన మిగిలిన మడుగులోనే లాంచీని తిప్పి కట్టారు. రెండో పక్కకి తారు పూయాలి కదా! ముందు భాగం ఇప్పుడు దిగువకి ఉంది. అది నేను చూశాను. చూసి కూడా 'ఎ' ముక్కను ఎగువ వైపు, 'ది' ముక్కను దిగువ వైపు బిగించాను. లాంచీ తిరిగింది గాని నా బుర్ర తిరగలేదు. చేత్తో షాఫ్టు తిప్పితే కాస్త బిగువుగా అనిపించింది. నడిస్తే సర్దుకుంటుందిలే అనుకున్నాను.

నీళ్లు వదిలిన రోజున, ఓవర్సీరు గారిని ఎక్కించుకుని బయల్దేరిన లాంచీ రెండు మైళ్లు వెళ్లకుండానే బేరింగు కాలి ఆగిపోయింది. నూనె పోయలేదని ఓవర్సీరు గారు సూరయ్య గారిని అక్కడికక్కడే పనిలోంచి ఆపేశారు. "డబ్బా ఖాళీ అయ్యేదాకా పోశానండీ, చూడండీ" అని ఆయన ఖాళీ డబ్బా తలకిందులు చేసి చూపించారు. ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రమే బేరింగు విప్పాను. ముందు ఉండాల్సిన 'ఎ' వెనక ఉంది. ఆ అక్షరం ఎందుకు చెక్కానో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. పరీక్షిస్తున్నానని ఓవర్సీరు గారికి చీటీ పంపాను. పరీక్షించడానికేమీ లేదు, భయమేసింది. ఆ తర్వాత మూడు రోజులూ సూరయ్య గారు లాకు మెట్టు మీదే కూర్చుని నన్ను భోజనానికి పిలిచారు. పనుందని చెప్పి వెళ్లలేదు.

నాలుగో రోజు నడిచివెళ్లి ఓవర్సీరు గారి ముందు తప్పు ఒప్పుకున్నాను. నన్ను ఖాయం చేయడం ఏడాది వాయిదా వేసి, సూరయ్య గారిని పనిలోకి తీసుకున్నారు. ఆ మాట సూరయ్య గారికి నేనే వెళ్లి చెప్పాను. తప్పు నాదని నాకు ఏ రోజు తెలిసిందని ఆయన అడిగారు. చెప్పాను.

"మొదటి రోజేనాండీ?" అన్నారాయన. అంతే.

ఆ తర్వాత ఏడాదిన్నర అక్కడే ఉన్నాను. ఆయన మాటలో గారు, అండీ ఏమాత్రం తగ్గలేదు. అన్నం మాత్రం లాంచీలోనే తినేవారు. లాకు మెట్టు మీద నేనొక్కణ్ణే కూర్చునేవాణ్ణి.

ఆ తర్వాత విప్పిన ప్రతి యంత్రం మీదా గుర్తును ఆ యంత్రాన్ని బట్టే చెక్కాను, కాలవను బట్టి చెక్కలేదు. చేతికి బిగువు తగిలితే మళ్లీ విప్పాను. నా వల్ల జరిగిన తప్పు కనిపించిన పూటే చెప్పాను. కాలిన బేరింగుని గీకి సరిచేయడానికి రెండు రోజులు పట్టింది. మూడు రోజుల ఆలస్యానికి మరమ్మతు నా సర్వీసులో దొరకలేదు.