పూజనాడు గీసిన గద్ద

ఆ రోజుల్లో జంషెడ్‌పూర్‌లో అలసిపోవడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. ఉక్కు కంపెనీ సైరన్‌కి లేవడం, సైరన్‌కి తినడం, సైరన్‌కి పడుకోవడం. పైగా నేను కంపెనీ మనిషిని కూడా కాదు. బారిడీహ్‌లో మా మేస్త్రి షెడ్డులో లారీలకు రంగులేసే కుర్రాణ్ణి. (కుర్రాడంటే ఇరవై రెండేళ్ళు, నడుం నొప్పి మాత్రం అరవై ఏళ్ళవాడిది.) మామూలు లారీలైతే నెమళ్ళు, కమలాలు వేస్తూ కాస్త సరదాగా ఉండేది. మిలటరీ బళ్ళొస్తే ప్రాణం ఉసూరుమనేది. ఒళ్ళంతా ఆకుపచ్చ, నంబరు ముందు పైకి చూసే బాణం, వెనక తలుపు మీద ఏ దళం బండైతే ఆ దళం గుర్తు. అంతే. బాణం వెంట్రుకవాసి వంకరపోయినా చెరిపి మళ్ళీ వెయ్యాలి.

అలాంటి కొత్త బళ్ళు ఆరింటిని తీసుకుపోవడానికి తన జవాన్లతో ఒక హవల్దారు వచ్చాడు. మాదీ శ్రీకాకుళం వైపేనని తెలిశాక నన్ను తమ్ముడా అనేవాడు. పైకి చూస్తే ఆ బళ్ళన్నీ ఒక్క అచ్చే. వచ్చిన రెండో రోజుకే లోపల మాత్రం ఎవరి సంసారం వారిదైపోయింది. ఒకడు అద్దానికి నల్లతాడు, నిమ్మకాయ కట్టాడు. ఇంకొకడు దుర్గమ్మ పటం అంటించాడు. హవల్దారు స్టీరింగు పక్కన పసిపిల్ల ఊలు మేజోడు ఒకటి వేలాడదీశాడు. "బయట సర్కారుది తమ్ముడా, లోపల మనది," అనేవాడు.

నంబర్లు, బాణాలు అయ్యాయి. వర్షం పట్టుకోవడంతో దళం గుర్తు మిగిలిపోయింది. ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు మా ఊళ్ళో ఎవరూ పనిముట్టు ముట్టరు. సుత్తి దగ్గర్నుంచి బ్రష్షు దాకా అన్నీ విగ్రహం ముందు బొట్టు పెట్టించుకుని హాయిగా పడుకుంటాయి. వాటి పుణ్యమా అని నేనూ చాప వేసుకుని నడుం వాల్చానో లేదో, హవల్దారు పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రానికల్లా బళ్ళు కదలాలని కబురొచ్చిందట.

"బ్రష్షు ముట్టుకున్నావంటే సెయ్యి ఇరిసేత్తాను," అని మేస్త్రి నా మీద లేచాడు. "పూజలో ఉన్నాదది."

హవల్దారు నేలమీద కూలబడ్డాడు. "నాకు కూతురు పుట్టి ఎనిమిది నెలలైనాది మేస్త్రీ. ఇంకా మొకం సూడనేదు. ఈ బళ్ళు టైముకి ఎల్తేనే నా ఛుట్టీ. గుర్తు నేకుండా ఎల్తే సాహెబు ఒప్పుకోడు. నా ఛుట్టీ ఇంకోడికిచ్చేత్తాడు."

మేస్త్రి బీడీ ఆఖరిదాకా కాల్చి పారేశాడు. తర్వాత నావంక తిరిగాడు. "బ్రష్షు పనిముట్టురా. ఏలు పనిముట్టు కాదు. దేవుడి ముందు ఏలు మనం పెట్టనేదు కదా, గియ్యి."

ఆ దళం గుర్తు గద్ద. రెక్కలు అరచేత్తో, ముక్కు చిటికెనవేలితో మొదలుపెట్టాను. మొదటి బండి మీద, కొంచెం దూరంగా నిలబడి కళ్ళు చికిలించి చూస్తే, గద్దే. మూడో దానికి నా భుజం పడిపోయింది. గద్దకు పొట్ట వచ్చింది. ఆరోది, హవల్దారు బండి మీదది, ఏ కోణంలో చూసినా రెక్కలు చాపిన పొదుగుడు కోడిపెట్ట. జవాన్లు "అరే, యే తో ముర్గీ హై!" అని పొట్టలు పట్టుకుని నవ్వారు. చెరపడానికి పొద్దు లేదు. ఈ కోడి చేతిలో పాపం అతని సెలవు పోతుందని నాకు నిజంగా ఏడుపొచ్చింది.

హవల్దారు మాత్రం దాన్ని చాలాసేపు చూశాడు. "ఏటైతేనేం, రెక్కలున్నాయి కదా తమ్ముడా," అని బండెక్కి వెళ్ళిపోయాడు.

కిరసనాయిలుతో ఎంత తోమినా వేళ్ళ రంగు వదల్లేదు. వారం రోజులు అమ్మే నా నోట్లో ముద్దలు పెట్టింది. "ఇంత బతుకూ బతికి కోడిని గీసినావేట్రా," అని ముద్దకొకసారి దెప్పుతూనే. హవల్దారు కబురు మాత్రం ఏమీ తెలియలేదు. ఆ కోడి చాలా ఏళ్ళు నా మనసులో గీరుతూనే ఉంది.

ఏడెనిమిదేళ్ళ తర్వాత, నేనూ కంపెనీలో చేరాక, ఒక సాయంత్రం డ్యూటీ దిగి, పంక్చరైన స్కూటరు తోసుకుంటూ సోనారి వైపు వస్తున్నాను. రోడ్డు పక్కన మిలటరీ బళ్ళు ఆగి ఉన్నాయి. వెనక తలుపు మీద అదే గద్ద. ఎవరో చక్కగా బ్రష్షుతో వేసిన, పొట్ట లేని గద్ద. నా బతుక్కి ఇది కూడా చూపించాలా అనుకుంటుండగా ఒక కుర్ర జవాను ముందు వైపు డ్రైవరు తలుపు తెరిచి దిగాడు. ఆ తలుపు లోపలి వైపు, చిన్నగా, బొద్దుగా, రెక్కలు చాపుకుని నా కోడి.

ఇదేమిటని అడిగాను. "పతా నహీఁ చాచా," అన్నాడు. (చాచా! బాబాయినట! అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు.) ఎవరు మొదలెట్టారో తెలీదు గానీ, పాతవాళ్ళ నుంచీ వస్తోందట. బండిలో కోడి ఉంటే, తోలేవాడికి సెలవు దొరికి తీరుతుందట.

రోడ్డు పక్కనే స్కూటరుకి స్టాండు వేసి కాసేపు కూర్చుండిపోయాను. అయితే హవల్దారు ఇంటికి వెళ్ళాడన్నమాట. పిల్ల మొహం చూశాడన్నమాట.

ఇంటికెళ్ళి రంగులో వేలు ముంచి స్కూటరు డిక్కీ మూత లోపల గీశాను. నా సెలవు అర్జీ అప్పటికి రెండుసార్లు తిరిగొచ్చింది మరి. ఈసారైనా సరిగ్గా గద్దనే గీద్దామనుకున్నాను గానీ, వేలు దాని పాటికది కోడినే గీసింది. నేనూ అడ్డు చెప్పలేదు.