షారన్ వేళ్ల తప్పు కాదు

జనవరి, మూడో శనివారం. నోవైలో మా ఇల్లు. బయట మంచు. ఇంట్లో ఉన్నవాళ్లం: నేను, నా భార్య మేరీ, ఆష్‌బర్న్ నుంచి వచ్చిన షారన్.

ఏ రోజు గురించి రాసినా ఇలాగే మొదలుపెట్టడం నా అలవాటు. ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. చిన్నది కాబట్టే దాన్ని దించుకోవడానికి తగిన సమయమంటూ ఎప్పుడూ రాలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

షారన్ మా తెలుగు చర్చిలో పెరిగిన పిల్ల. హైస్కూల్లో ఉండగా ఆరాధనలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేది. ఒకసారి దాని బ్రిడ్జ్ విరిగింది. తీగల కింది చివరలు గిటార్ ఒంటి మీద ఆనుకునే లోహపు ముక్క అది. నేను కార్ల కంపెనీలో ఇంజనీరుని. కొలతల మనిషినని పేరు. కొత్తది ఎంచి బిగించే పని నాకే అప్పగించారు.

చాలా చదివాను. బరువైనదైతే నాదం నిలుస్తుందని వెడల్పాటిది ఒకటి ఎంచుకున్నాను. గిటార్‌కి అంతకుముందున్న రంధ్రాలకు అది సరిపోలేదు. రెండు పక్కలా కొత్తవి వేశాను. కార్ల విడిభాగాలను అంచు నుంచి కొలవడం నా చేతికి పట్టిన అలవాటు. పాతదాని వెనక అంచు ఉన్నచోటే కొత్తదాని వెనక అంచునూ పెట్టాను. చూసుకోవలసింది అంచు కాదు, తీగ ఆనే చోటు. అది కాస్త ముందుకొచ్చింది. తీగ పొడవు తగ్గింది. బిగించి పరీక్షిస్తే, ఊరికే మీటినప్పుడు శ్రుతి సరిగ్గానే ఉంది. పై మెట్ల మీద నొక్కితే మాత్రం హెచ్చుగా పలికింది. తీగ పొడవు సర్దే స్క్రూలను చివరిదాకా తిప్పాను. చాల్లేదు.

తప్పు నాదని అప్పుడే తెలిసింది. తర్వాతెప్పుడో కాదు.

ఆ ఆదివారం ప్రాక్టీస్‌లో షారన్ ఆగి నా వైపు చూసింది.

"అంకుల్, కింద ఓకే. పైకి వెళ్తే షార్ప్ వస్తుంది."

"గట్టిగా నొక్కుతున్నావమ్మా," అన్నాను.

"లైట్‌గానే నొక్కుతున్నా అంకుల్. ప్రామిస్."

కీబోర్డ్ వాయించే అతను నవ్వాడు. "అంకుల్ బిగించాక వెంట్రుకంత తేడా ఉండదమ్మా. ముందు నీ చెవులు చెక్ చేయించుకో."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

గట్టిగా నొక్కితే శ్రుతి పెరగడం నిజమే. నా అబద్ధంలో ఆ మాత్రం నిజం ఉండబట్టే అది నిలబడింది. ఆ పిల్ల నమ్మింది. తర్వాతి వారాల్లో వేళ్లు ఆనీ ఆననట్టు పెట్టి వాయించేది. తీగ సగం పలికి ఆగిపోయేది. అది చూస్తూ మొదటి వరసలో కూర్చున్నాను. అప్పుడైనా లేచి చెప్పి ఉండొచ్చు. ఎందుకు చెప్పలేదు? కొలతల మనిషి అనే పేరు తప్ప ఆ చర్చిలో నాకు వేరే పేరు లేదని భయమా? లేక పిల్లలకు ఇలాంటివి నాలుగు రోజుల్లో మరుపున పడతాయనే ధీమాయా? రెండూ అయి ఉంటాయి. కొన్నాళ్లకు షారన్ గిటార్ తేవడం మానేసింది. చదువు ఎక్కువైందట అని వాళ్ల నాన్న చెప్పాడు. నేను తలూపాను.

ఇన్నేళ్ల తర్వాత ఈ శనివారం అదే గిటార్ పట్టుకొచ్చింది. బ్రిడ్జ్ తుప్పు పట్టింది. "మళ్లీ స్టార్ట్ చేద్దామని అంకుల్. ఈసారి టీచర్ దగ్గర. నా నొక్కుడు సంగతి ముందే చెప్పేశాను ఆయనకి," అని నవ్వింది. కొత్తది ఏది కొనాలో నన్నే ఎంచమంది.

వాళ్లిద్దరూ పైన టీ తాగుతుంటే బేస్‌మెంట్‌లో బ్రిడ్జ్ విప్పాను. తయారీలో వేసిన రంధ్రాలు మధ్యలో, నావి రెండు పక్కలా. మొదట ఉన్నదానిలాంటి సన్నటి బ్రిడ్జ్ కొని మొదటి రంధ్రాల్లో బిగిస్తే గిటార్ బాగుపడుతుంది. నా రంధ్రాలు బయటపడతాయి. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని ఆ టీచరు అడుగుతాడు. వెతగ్గా వెతగ్గా, మొదటి రంధ్రాలకు సరిపోతూ నావి కప్పే వెడల్పాటి రకం ఒకటి దొరికింది. ఆ గిటార్‌కి అనవసరమైన బరువు. పైకెళ్లి ఫోన్‌లో దాన్నే చూపించాను. "ఇదే మంచిదమ్మా." థాంక్స్ అంకుల్ అంది. గిటార్ రేపు పొద్దున తీసుకెళ్తానంది.

ఆమె వెళ్లాక అర్థమైంది. ఆ అబద్ధం పాతబడలేదు. ఇవాళ దాన్ని మళ్లీ చెప్పాను. తన వేళ్లలో లేని లోపాన్ని దిద్దుకోవడానికి ఆ పిల్ల ఒక టీచర్ని పెట్టుకుంటోంది. ఇంకా ఏం దాచుకుంటున్నాను?

మర్నాడు ఉదయం షారన్ ఎయిర్‌పోర్ట్‌కి వెళ్తూ మా ఇంటి దగ్గర ఆగింది. కోటు విప్పలేదు. గుమ్మం దగ్గరే గిటార్ తిప్పి రంధ్రాలు చూపించాను. ఏవి ఎవరివో చెప్పాను. సన్నటిది కొనమన్నాను. నొక్కడంలో నీకు ఎప్పుడూ తప్పు లేదన్నాను.

"అప్పుడే తెలుసా అంకుల్ మీకు?"

"తెలుసు."

"అంటే నాకు కరెక్ట్‌గానే వినిపించింది." అది ప్రశ్న కాదు. "మేరీ ఆంటీకి తెలుసా?" అంది.

"తెలీదు."

"చెప్పండి," అంది. గిటార్ కేసులో పెట్టుకుని వెళ్లిపోయింది. క్షమించమని నేను అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టవుతుందనిపించింది.

వంటగదిలోకి వెళ్లి మేరీకి చెప్పాను. ఆమె స్టవ్ ఆపి కుర్చీలో కూర్చుంది. నేను ఎదురుగా నిలబడ్డాను. అప్పుడు బాగా ఆకలేసింది. చాలా రోజుల తర్వాత అలాంటి ఆకలి. తినడానికి సిగ్గేసింది. అయినా పళ్లెం తీసుకున్నాను.