రెండిళ్ల చాయ తాగిన సర్పంచి

తెలంగాణ వచ్చిన కొత్తలో మా ఊరి సర్పంచిగా చేసిన నర్సింహ తాత పోయాడని నాకు మొదట చెప్పింది పాలు పోసే లక్ష్మక్క.

నా చిన్నప్పుడు మా నేతవాళ్లు వీధిలో పడుగు సాగదీస్తే, మేతకు పోయే కాపరుల గొర్రెలు తొక్కి దారాలు తెంపేవి. ఒకరోజు ఇరువైపులా కర్రలు లేచాయి. తాత రెండు వైపులవాళ్ల ఇళ్లలోనూ చాయ తాగి, "పొద్దెక్కేదాక పడుగు, ఎక్కినంక గొర్లు. జర ఓపిక పట్టుండ్రి" అన్నాడు.

"గొర్లోళ్లకు అమ్ముడువోయిండు. ఒక దిక్కు నిలవడనోడు ఏం లీడరు?" అన్నాడు మా బాపు. అటువాళ్లేమో ఆయన నేతవాళ్ల మనిషన్నారు.

నాకూ అనుమానమే. తాత కండువా వాసన చూశాను. గొర్రె వాసన, మా నూలు రంగుల వాసన రెండూ ఉన్నాయి. దొంగ దొరికాడనుకున్నాను!

తర్వాతి ఎన్నికల్లో ఇరువైపులవాళ్లూ ఆయన్ని ఓడించారు. ఆయన పెట్టిన వేళలు మాత్రం ఇప్పటికీ ఎవరూ తప్పలేదు. మా వీధిలో ఒక్క తలా పగలలేదు. అంతకంటే గొప్ప నాయకుణ్ని దేవుడు మాకు ఇవ్వలేదు. దీపం పెట్టేటప్పుడు నర్సింహ తాతను ఒకసారి తలుచుకోండి.