తడి నూలు కొలత

ఎమ్మిగనూరులో మా పక్కింటి పెద్దనాయన పోయాడని మొన్న ఉదయం ఆరింటికి అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నేను గౌహతిలో నర్సును. ముందు ఏడుపు రాలేదు. ఇక్కడి నుంచి అక్కడికి ఎన్ని గంటలని మనసు లెక్కేసుకుంది. ఆ అలవాటు ఆయన నేర్పిందే.

ఆయన మగ్గం నేసేవాడు. విమానం ఎక్కలేదు, దగ్గర నుంచి చూడనూ లేదు. ఆదోనిలో పాత సామాన్ల అంగట్లో దొరికిన గ్లోబు ఒకటి మగ్గం పక్కనే ఉండేది. అలుపొచ్చినప్పుడు గంజి పట్టించిన పోగు ఒకటి తీసి, గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య పట్టి, దాన్ని స్కేలు మీద పరిచి, విమానం ఎన్ని గంటల్లో పోతుందో చెప్పేవాడు. టోక్యో, కైరో, లండన్. చెప్తుంటే ఆయన కళ్లు సగం మూతపడేవి. మగ్గం గుంట అంచున కూర్చుని నేనూ ఎటో తేలిపోయేదాన్ని. "పైన మలుపులుండవు పాపా, గొర్రెలు అడ్డమొచ్చేది లేదు" అనేవాడు.

గౌహతిలో ఉద్యోగం వచ్చినప్పుడు అమ్మ ససేమిరా అంది. "సావుకో బతుకుకో ఎట్ల వస్తావు?" అని ఆమె భయం. పెద్దనాయన గ్లోబు చంకన పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. దాని మీద గౌహతి పేరే లేదు. బ్రహ్మపుత్ర గీత మీద వేలు పెట్టి, పోగును నీళ్లలో ముంచి, బాగా లాగి గ్లోబు మీద పట్టి, స్కేలు మీద వదులుగా పరిచి కొలిచాడు.

"రెండు గంటలు, అంతే. బస్సులో ఆదోనికి పోయొచ్చినంత సేపు. దీనికి ఏడుస్తావేందమ్మా?"

అమ్మ ఒప్పుకుంది. నేను ఆయన వెనకే వీధిలోకి వచ్చి, పోగును ఎందుకు తడిపినావని అడిగాను.

"తడి నూలు లాగితే సాగుతాది, వదిలితే ముడుసుకుంటాది. దూరం తగ్గుతాది. మీ యమ్మకు సెప్పొద్దు."

నేతలో ఏనాడూ కొలత తప్పని మనిషి నా కోసం తప్పు కొలిచాడు. నా జీతం, నా ధైర్యం, అన్నీ ఆ తప్పు పెట్టిన భిక్షే.

పదకొండింటి విమానం దొరికింది. దాదాపు మూడు గంటలు గాలిలో. హైదరాబాదు నుంచి కర్నూలు, గూడూరు మీదుగా ఇంకో ఐదు గంటలు రోడ్డు. చేరేసరికి వీధిలో దీపాలు వెలిగాయి. ఆయన్ని మధ్యాహ్నమే సాగనంపేశారు. అమ్మ భయపడ్డదే జరిగింది, ఆయన ముఖం చూడలేకపోయాను. గడపలోనే కూలబడి ఏడ్చాను.

పెద్దమ్మ లోపలికి పిలిచి చాప మీద పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఎండకు ఆపలేకపోయినామమ్మా" అంది. కొంగుతో నా ముఖం తుడిచి, "పైనుంచి ఏం కనపడుతుందో అని ఆయప్పకు శానా ఆశ. నువ్వేం సూసినావు?" అని అడిగింది.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"ఏమీ సూల్లేదు పెద్దమ్మా. కూసోగానే నిద్ర పట్టింది. యాడనో మగ్గం ఆడినట్టుండె. లేసేసరికి దిగిపోయినా."

ఆమె నా తల ఒళ్లోకి తీసుకుంది.

"ఆయప్పా అట్లే పోయినాడు. నిద్రలోనే. ఎప్పుడు లేసినాడో, యాడ దిగినాడో."

ఆమె చెయ్యి చాలాసేపు నా జుట్టులోనే ఉండిపోయింది.