మేము కోసేసుకున్న అడవి

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్ళో మా చిన్నప్పుడు... హాజరు పిలుస్తూ టీచర్ ఆగిపోయిందంటే, తర్వాతది నా పేరే. అడవికొలను. వెనక నవ్వులు. ఆవిడ నోరు తెరిచేలోపే "ప్రెజెంట్" అనేసేవాణ్ణి.

మా పక్కింటి గ్రీన్ తాతగారి పూర్వీకులు జర్మన్లు. సాయంత్రాలు కుక్కని నడిపిస్తూ నన్నూ వెంటబెట్టుకుని, వీధిలో పోస్టు డబ్బాల మీది పేర్లకి అర్థాలు చెప్పేవారు... వాల్డ్‌మన్ అంటే అడవి మనిషి, ఫోర్‌స్టర్ అంటే అడవిని కాసేవాడు, హోల్జర్ అంటే కట్టెలు కొట్టేవాడు. వాళ్ళ దేశంలో చెట్లన్నీ పోయిన ఊళ్ళకి కూడా పేరు చివర ఇంకా 'వాల్డ్' ఉంటుందట. అంటే అడవి.

"మాదీ గ్రూన్‌వాల్డే, పచ్చటి అడవి. జర్మనీతో యుద్ధం రోజుల్లో ఇక్కడి జనం అదోలా చూస్తున్నారని మా తాత సగం తీసేసి గ్రీన్ చేశాడు. నువ్వు ఆ పని చేయకు" అన్నారొకసారి.

నేను వింటేగా... నాన్న సిటిజెన్‌షిప్ ఫారం నింపుతుంటే, పేరు మార్చుకునే గడి చూసి వెంటపడ్డాను. వారం రోజులు అలిగి అన్నం మానేశాను. కార్ల కంపెనీలో ఓవర్‌టైమ్ చేసి వచ్చే మనిషి, ఎంతకని వాదిస్తారు?

"సరేలేరా, నీకు బాగుంటే చాలు" అన్నారు. ఇద్దరం 'కొలన్' అయిపోయాం. ఆ ఆదివారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని కొత్త సంతకం ప్రాక్టీస్ చేశారు. నేనేమో సంబరంగా చూస్తున్నాను... బుద్ధిలేనివాణ్ణి.

మొన్న మా అమ్మాయి స్కూల్ నుంచి షీట్ తెచ్చింది. ఇంటిపేరుకి అర్థం రాయాలట. నాకేం తోచక నాన్నకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టాను.

"అడవికొలను అని రాసుకో తల్లీ. మా తాతల ఊరు" అన్నారు, క్షణం ఆలోచించకుండా.

"బట్ తాతా, అది మన నేమ్ కాదు కదా?"



"నాదేనమ్మా... గుళ్ళో అర్చన చేయించినప్పుడు ఇప్పటికీ అదే చెప్తాను."

ఇన్నేళ్ళలో నాతో ఈ మాట అనలేదాయన.

మళ్ళీ మార్పిద్దామంటే కోర్టు, పాస్‌పోర్ట్, లైసెన్స్, ఇంటి కాగితాలు, పాప రికార్డులు... ఓపిక లేదండీ, నిజంగా. ఆఫీస్ నుంచి వచ్చి కూర్చుంటే లేవబుద్ధి కాదు. ఆయనకి సారీ కూడా చెప్పలేదింకా.

మీ ఇంటిపేర్లు ఏ ఊరివో, ఏ చెట్టువో... ఒక్క అక్షరం తగ్గించకుండా కింద కామెంట్లలో రాయండి. ఆదివారం నాన్న దగ్గరికి వెళ్ళి చదివి వినిపిస్తాను. మాట ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియట్లేదు.